ముందు బీరువా తెరవండి, భాష సంగతి తర్వాత చూద్దాం

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల విద్యాధికారులకు, హైస్కూలు హెడ్మాస్టర్లకు, పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే టింకరింగ్ ల్యాబుల బాధ్యత మోస్తున్న సైన్సు మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

బడిలో రోబో జట్టు కడదామనుకోగానే మొదట వచ్చే ప్రశ్న, పిల్లలకు ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్పాలి అని. రాబోయేదంతా ఏఐ కాలం కాబట్టి పైథానే అంటారు ఒకరు. సీ రాకుండా ఇంజనీరింగేమిటి అంటారు మరొకరు. చిన్నపిల్లలు కదా, ఆజ్ఞలను తెర మీద పేర్చుకునే రంగు రంగుల బ్లాకులు చాలు అంటారు కిట్ అమ్మవచ్చినవారు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. కానీ ముగ్గురూ బడి ల్యాబు బీరువా తెరిచి చూడలేదు. అందులో రోబోను నడిపే సర్క్యూట్ బోర్డు ఏది ఉందో చూడకుండా భాష ఖాయం చేస్తే, ఊళ్లో ఏ రైలు ఆగుతుందో చూసుకోకుండా టికెట్ కొన్నట్టే.

ఈ లేఖలో మేం అడిగేది ఒక్కటే. అన్ని బడులకూ ఒకే భాష అని ఆఫీసు నుంచి ఉత్తర్వు వేయకండి. బోర్డును బట్టి భాష, పోటీ నిబంధనను బట్టి బోర్డు. ఒకసారి తేలాక కనీసం 2 ఏళ్లు దాన్ని కదపకండి. ఎందుకో వివరంగా రాస్తున్నాం.

మన బడుల బీరువాల్లో ఎక్కువగా కనబడేది ఆర్డూయినో ఊనో, లేదా దాని నకలు. దాని మీదున్న చిప్పు పేరు ఏటీమెగా328పీ. వేగం 16 మెగాహెర్ట్జ్, ప్రోగ్రామ్ దాచుకోవడానికి (ఫ్లాష్) 32 కేబీ, నడిచేటప్పుడు వాడుకోవడానికి (ర్యామ్) 2 కేబీ. అవును, 2 కేబీయే. చిన్న బోర్డుల కోసం తయారైన మైక్రోపైథాన్‌కు కూడా కనీసం 256 కేబీ ప్రోగ్రామ్ చోటు, 16 కేబీ ర్యామ్ కావాలి. కాబట్టి ఊనో మీద పైథాన్ నడవదు. "నడుస్తుందండీ, వీడియోలో చూశాం" అనేవాళ్లు చూసింది ఫర్మాటా పద్ధతి. అందులో పైథాన్ నడిచేది కంప్యూటర్‌లో. ఊనో యూఎస్‌బీ వైరు చివర కూర్చుని చెప్పింది చేస్తుందంతే. వైరు పీకితే రోబో బండి ఆగిపోతుంది. బల్ల మీద ప్రదర్శనకు పనికొస్తుంది కానీ, చాలా పోటీల్లో మైదానంలోకి వైరుతో వెళ్లనివ్వరు.

అంటే ఊనో ఉన్న బడికి భాష తేలిపోయింది: ఆర్డూయినో వాళ్ల సీ ప్లస్ ప్లస్. ఆ బడిని పైథాన్ నేర్పమని ఒత్తిడి పెడితే ఉన్న పది బోర్డులూ మూలపడతాయి, కొత్తవి వచ్చేసరికి ఏడాది గడుస్తుంది.

బీరువా ఖాళీగా ఉండి కొత్తగా కొనబోతుంటే మాత్రం సంగతి వేరు. 2021 జనవరిలో వచ్చిన రాస్‌బెర్రీ పై పికోలో 264 కేబీ ర్యామ్, 2 ఎంబీ ఫ్లాష్ ఉన్నాయి. ఈఎస్‌పీ32లో 520 కేబీ ర్యామ్‌తో పాటు వైఫై కూడా ఉంది. రెండింటి మీదా మైక్రోపైథాన్ హాయిగా నడుస్తుంది. ధరలోనూ ఇవి ఊనో నకలుకు అటూ ఇటూగానే ఉంటాయి. వీటిలో మా ఓటు పికోకు. ఈఎస్‌పీ32కు పిన్నుల పేచీలు ఎక్కువ: 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వైఫై వాడుతుంటే కొన్ని అనలాగ్ పిన్నులు పనిచేయవు, 12వ పిన్నుకు ఏదైనా తగిలించడం వల్ల బోర్డు మొదలయ్యేటప్పుడు ఆ పిన్ను మీద వోల్టేజీ ఉంటే బోర్డు అసలు లేవకపోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇన్ని మినహాయింపులు నేర్పే ఓపిక వారానికి రెండు గంటల క్లాసులో ఎక్కడిది?

ఇక పోటీల సంగతి. అంతర్జాతీయ విద్యార్థి రోబో పోటీ అయిన ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌కు వెళ్లే జట్టుకు ఎంపిక జావా లేదా బ్లాకులు. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో జావా, సీ ప్లస్ ప్లస్, ల్యాబ్‌వ్యూ ఉండేవి, 2024 సీజన్ నుంచి పైథాన్ కూడా అధికారికంగా చేరింది. వెక్స్ వీ5 కిట్ అయితే బ్లాకులు, పైథాన్, సీ ప్లస్ ప్లస్. ఆ కిట్ల ఖరీదుకు మన జిల్లాల బడులు ఇప్పట్లో తూగవు, అది వేరే సంగతి. జిల్లా సైన్సు మేళాలు, కాలేజీల్లో జరిగే లైన్ ఫాలోయర్ (నేల మీది గీత వెంట నడిచే బండి) పోటీలు భాష అడగవు. బండి కొలతలు, బరువు, బ్యాటరీ వోల్టేజీ మాత్రం అడుగుతాయి. ఏ పోటీకైనా పేరు ఇచ్చే ముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం చదివించండి. నిరుడు చదివాం కదా అని ఊరుకోవద్దు.

బ్లాకుల మీద చిన్నచూపు అక్కర్లేదు, అతి నమ్మకమూ వద్దు. ఒకటి జరిగిన తర్వాతే ఇంకొకటి, ఇలా అయితే అలా, ఇన్నిసార్లు మళ్లీ మళ్లీ అనే మూడు ఆలోచనలూ బ్లాకులతో మూడు వారాల్లో వచ్చేస్తాయి. బ్లాకుల సాఫ్ట్‌వేర్ అయిన స్క్రాచ్‌లో పైన ఉన్న గ్లోబు బొమ్మ నొక్కితే ఒడియా కూడా వస్తుంది. ఒడియా మీడియం పిల్లలకు మొదటి రెండు క్లాసులూ అలా నడిపితే బెదురు పోతుంది. అయితే నాలుగో వారానికి అక్షరాలతో రాసే ప్రోగ్రాముల్లోకి దిగిపోవాలి. యాభై, అరవై బ్లాకులు దాటాక తెర మీద ఏది ఎక్కడుందో కట్టినవాడికే దొరకదు, ఇద్దరు పిల్లలు చెరో భాగం రాసి కలపడమూ కుదరదు.

ఆర్డూయినోతో మాట్లాడే పిక్టోబ్లాక్స్, ఎంబ్లాక్ లాంటి బ్లాకుల సాఫ్ట్‌వేర్లలో ఒక ఉచ్చు ఉంది, మాస్టార్లు తప్పక గమనించాలి. వాటిలో రెండు పద్ధతులుంటాయి: లైవ్ (పిక్టోబ్లాక్స్‌లో దీని పేరు స్టేజ్), అప్‌లోడ్. లైవ్‌లో ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఒక్కో ఆజ్ఞా వైరు గుండా పోతుంది. బల్ల మీద అన్నీ చక్కగా పనిచేస్తాయి. వైరు తీసి నేల మీద పెడితే బండి కదలదు. "బోర్డు కాలిపోయింది" అని పక్కన పడేసిన బోర్డుల్లో కొన్నింటికి జబ్బు ఇదే. అప్‌లోడ్ పద్ధతికి మార్చి బోర్డులోకి ఎక్కించి చూడండి, బండి లేచి నడుస్తుంది.

మన వైపు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, వేరే చోట రాసిన పాఠ్యపుస్తకాల్లో దాని ఊసుండదు. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి బడుల్లో ఒకే జట్టులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, ఒడియా మాట్లాడేవాడు, సవర, కువి మాట్లాడేవాడు పక్కపక్కన కూర్చుంటారు. కంప్యూటర్ తిట్టేది మాత్రం ఇంగ్లిషులో. సీ ప్లస్ ప్లస్‌లో ఒక సెమీకోలన్ మరిస్తే తప్పును తరువాతి వరుసలో చూపిస్తుంది. పిల్లవాడు బాగున్న వరుసను చెరిపి తిరగరాస్తాడు, తప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి మొదటి రోజే ఒక సూత్రం గోడ మీద అంటించండి: ఎర్ర వరుస చూపిన చోటే కాదు, దాని పై వరుస కూడా చూడాలి. ఎక్కువగా వచ్చే పది ఎర్రర్ సందేశాలను ఒడియాలో, తెలుగులో అర్థంతో ఒక అట్ట మీద రాసి వేలాడదీయండి. ఆ అట్ట నెల రోజుల పాఠానికి సమానం.

పేర్ల గొడవ కూడా అలాంటిదే. ఒకడు ఎడమ చక్రానికి ఇంగ్లిష్ అక్షరాల్లో "ఎడమ" అని, ఇంకొకడు "బామ" అని, మూడోవాడు "ఎల్" అని పేరు పెడితే రాత్రికి ఎవరి ప్రోగ్రామ్ ఎవరికీ అర్థం కాదు. ఏదో ఒకటి అనుకోండి. మా సలహా ఏమిటంటే ప్రోగ్రామ్‌లో పెట్టే పేర్లు ఇంగ్లిష్, వివరణ వ్యాఖ్యలు (కామెంట్లు) పిల్లవాడికి వచ్చిన భాషలో. వ్యాఖ్యల్లో తెలుగు లిపి, ఒడియా లిపి రాసినా సీ ప్లస్ ప్లస్‌కూ పైథాన్‌కూ అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఒక్కో భాష ఎక్కడ ముంచుతుందో చూద్దాం. ఇది తెలిస్తేనే ఎంచుకోవడానికి అర్థం ఉంటుంది.

ఊనో మీద సీ ప్లస్ ప్లస్ రాసే జట్టుకు ఈ దృశ్యం ఎదురుకాక మానదు. బండి అరనిమిషం దాకా గీత మీద బుద్ధిగా పోతుంది. తరువాత ఒక్కసారిగా మలుపులు మరిచిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అరనిమిషం బాగుంటుంది. పిల్లలు సెన్సర్లు మారుస్తారు, టేపు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు. అసలు తప్పు ఒక్క మాటలో ఉంది. బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను ఇచ్చే మిల్లీస్ అంకెను "ఇంట్" అనే డబ్బాలో పోశారు. ఊనోలో ఆ డబ్బాలో పట్టే అతి పెద్ద అంకె 32,767. అంటే 32.767 సెకన్లు దాటగానే అంకె మైనస్‌లోకి తిరగబడుతుంది, కాలం లెక్కలన్నీ తారుమారవుతాయి. "అన్‌సైన్డ్ లాంగ్" అని మారిస్తే తీరిపోతుంది. తమాషా ఏమిటంటే ఇదే ప్రోగ్రామ్‌ను ఈఎస్‌పీ32లో ఎక్కిస్తే తప్పు కనబడదు, అక్కడ ఇంట్ డబ్బా పెద్దది. అందుకే "మా ఇంట్లో బోర్డు మీద నడిచిందండీ" అన్న పిల్లవాడిని అబద్ధమాడుతున్నాడనుకోకండి.

భాగహారం ఇంకో గోతి. ఎడమ, కుడి సెన్సర్ల తేడా 3 వచ్చింది, దాన్ని 10తో భాగించి చక్రం వేగం సర్దాలి. సీ ప్లస్ ప్లస్‌లో రెండూ పూర్ణాంకాలైతే 3ని 10తో భాగిస్తే సున్నా. బండి చిన్న తేడాలను పట్టించుకోదు, తేడా పెద్దదయ్యాక ఒక్కసారి ఎగిరి దూకుతుంది. 10 బదులు 10.0 అని రాస్తే సరి. పైథాన్‌లో ఈ బాధ లేదు, 0.3 అనే ఇస్తుంది.

మూడోది చాలామంది మాస్టార్లను కూడా ఏడిపించేది. చక్రాల వేగం కోసం 9, 10 పిన్నులు వాడారు, బండి బాగుంది. వస్తువు పట్టుకునే చెయ్యిని కదిపే సర్వో అనే చిన్న మోటరు కోసం సర్వో లైబ్రరీ (సిద్ధంగా దొరికే ప్రోగ్రామ్ భాగం) చేర్చారు. వెంటనే చక్రాల వేగం అదుపు తప్పింది. ఊనోలో సర్వో లైబ్రరీ వాడే టైమరే 9, 10 పిన్నుల వేగాన్ని కూడా నడుపుతుంది. సర్వోను ఏ పిన్నుకు కలిపినా సరే, ఆ రెండింటి మీద వేగాన్ని అదుపు చేసే పీడబ్ల్యూఎం పోతుంది. మోటర్ల వేగానికి 5, 6 పిన్నులు వాడండి. 3, 11 వాడితే బజర్ మోగించే టోన్ ఆజ్ఞతో తగువు వస్తుంది.

పైథాన్ వైపు చూస్తే, పికోలో మొదటి వారం వచ్చే ఫిర్యాదు ఒక్కటే: వైరు పెడితే నడుస్తుంది, బ్యాటరీ పెడితే నడవదు. దీనికి కారణాలు రెండు. మొదటిది, ఫైలు కంప్యూటర్‌లోనే సేవ్ అయి ఉంటుంది, లేదా పికోలో వేరే పేరుతో ఉంటుంది. కరెంటు రాగానే పికో వెతికేది "మెయిన్ డాట్ పై" అనే పేరున్న ఫైలునే. రెండోది వైరింగ్. పికోలో వీబస్ అనే పిన్ను 5 వోల్టులు ఇచ్చేది యూఎస్‌బీ తగిలించి ఉన్నప్పుడే. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్‌ను దానికి కలిపితే బల్ల మీద కళ్లుంటాయి, మైదానంలో గుడ్డిదవుతుంది. రెండు లిథియం సెల్స్ నుంచి వచ్చే 7.4 వోల్టులను ఒక చిన్న బక్ కన్వర్టర్‌తో 5కు దించి, దాన్నే పికో కరెంటు తీసుకునే వీసిస్ పిన్నుకూ సెన్సర్‌కూ ఇవ్వాలి. వీసిస్ తట్టుకునేది 5.5 వోల్టులే కాబట్టి బ్యాటరీని నేరుగా కలిపితే బోర్డు పోతుంది. అలాగే పికో పిన్నులు 3.3 వోల్టులవి, ఆ సెన్సర్‌లో కొలత తెలిపే ఎకో పిన్ను 5 వోల్టులు పంపుతుంది. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లు పెట్టి ఆ వోల్టేజీలో మూడింట రెండు వంతులే పికోకు అందేట్టు చేయాలి. ఊనోకు ఈ తంటా లేదు. భాష మార్చడమంటే వైరింగ్ కూడా మార్చడమని మేం అనేది ఇందుకే.

పైథాన్‌లో ఇంకో ప్రమాదం ఉంది, దెబ్బలు తగిలే రకం. సీ ప్లస్ ప్లస్‌లో ఒక పేరు తప్పు రాస్తే ఎక్కించకముందే పట్టేస్తుంది. పైథాన్ ఆ వరుస దాకా వెళ్తే తప్ప చూడదు. అడ్డం వచ్చినప్పుడు ఆగే భాగంలో "స్టాప్" అన్న పేరులో ఒక అక్షరం జారిందనుకోండి. ఖాళీ నేల మీద పది నిమిషాలు తిరిగినా బండికి ఏమీ కాదు. గోడ ఎదురవగానే ప్రోగ్రామ్ తప్పు అంటూ ఆగిపోతుంది. కానీ మోటర్లు ఆగవు! చివరగా ఇచ్చిన వేగాన్ని పీడబ్ల్యూఎం హార్డ్‌వేర్ అలాగే పంపుతూ ఉంటుంది, బండి వెళ్లి గోడను గుద్దుకుంటుంది. కాబట్టి ప్రతి పైథాన్ ప్రోగ్రామ్‌నూ తప్పు వచ్చినా చివరి భాగం తప్పక నడిచేట్టు చేసే ట్రై, ఫైనల్లీ మధ్య బిగించి, ఫైనల్లీలో రెండు మోటర్లూ సున్నా చేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయించాలి. ఎర్ర స్విచ్ ఒకటి బ్యాటరీ వైరులో ఎలాగూ ఉండాలి, భాష ఏదైనా.

"పైథాన్ నెమ్మది కదా" అని అడుగుతారు. నెమ్మదే. కానీ లైన్ ఫాలోయర్ సెకనుకు వందసార్లు సెన్సర్లు చూసుకుంటే చాలు, పికోలో మైక్రోపైథాన్ ఆ పని సునాయాసంగా చేస్తుంది. బండిని పడేసేది భాష నెమ్మదితనం కాదు, పిల్లలు మధ్యలో పెట్టే డిలే, అంటే కాసేపు ఆగమనే ఆజ్ఞ. సెకనుకు 40 సెంటీమీటర్లు పోయే బండికి 100 మిల్లీసెకన్ల డిలే పెడితే 4 సెంటీమీటర్లు కళ్లు మూసుకుని నడుస్తుంది. గీత వెడల్పు 2 సెంటీమీటర్లు. ఇంకేముంది, గీత తప్పుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాసినా అంతే తప్పుతుంది. ఊనోలో దూరం కొలిచే పల్స్‌ఇన్ ఆజ్ఞ కూడా ఇలాంటిదే: ఎకో వైరు ఊడితే ప్రతి కొలతకూ ఒక సెకను ఎదురుచూస్తుంది. గడువు 12,000 మైక్రోసెకన్లని రాస్తే 2 మీటర్ల దాకా చూసి ముందుకు పోతుంది.

వేగం నిజంగా అడ్డొచ్చే చోటు ఒకటి ఉంది, మోటరు ఎంత తిరిగిందో పల్సులతో చెప్పే ఎన్‌కోడర్ల దగ్గర. వెనక 7 పల్సుల డిస్కు ఉన్న ఎన్20 మోటరు లోపలి ఇరుసు నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే సెకనుకు 250 చుట్లు, అంటే 1,750 పల్సులు. రెండు ఛానళ్ల అంచులన్నీ లెక్కిస్తే 7,000. రెండు మోటర్లకు 14,000. పల్సు రాగానే చేస్తున్న పని ఆపి లెక్కించే మైక్రోపైథాన్ ఇంటరప్టులు దీనికి తట్టుకోలేక లెక్క తప్పుతాయి. పికోలో పీఐవో అనే విడి యంత్రానికి ఆ పని అప్పజెప్పవచ్చు, కానీ అది పెద్ద పిల్లల పాఠం. ఊనోలోనూ బయటి ఇంటరప్టు పిన్నులు రెండే (2, 3) కాబట్టి మోటరుకు ఒక ఛానల్‌తో సర్దుకోవాలి. పసుపు బీవో మోటరుకు 20 రంధ్రాల డిస్కు పెట్టుకుంటే సెకనుకు వంద లోపే పల్సులు, ఏ భాషైనా లెక్కిస్తుంది. స్కూలు స్థాయికి అది చాలు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. భాష మీద మోపే నేరాల్లో ఎక్కువ భాగం కరెంటు చేసినవే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి వెనక్కి తిరిగినప్పుడల్లా ప్రోగ్రామ్ మొదటికి వస్తోందంటే అందులో భాష తప్పేమీ లేదు. మోటర్లు దిశ మార్చేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. చదరపు 9 వోల్టుల బ్యాటరీతో ఇది ఖాయం, అది రేడియోలకు చేసిన బ్యాటరీ. మోటర్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ తానే దాదాపు 2 వోల్టులు తినేస్తుంది, 7.4లో మోటరుకు అయిదున్నర మిగులుతుంది. టీబీ6612 డ్రైవర్ అంత తినదు, చిన్నది, బీవో మోటర్లకు సరిపోతుంది. రీసెట్టా, ప్రోగ్రామ్ తప్పా అని తేల్చడానికి సులువైన ఉపాయం: ప్రోగ్రామ్ మొదట్లో బజర్ మూడుసార్లు మోగించండి. పరుగు మధ్యలో ఆ మూడు బీప్‌లు వినబడితే కోడ్ జోలికి వెళ్లకండి, బ్యాటరీ దగ్గరకు వెళ్లండి.

కంప్యూటర్ ల్యాబు సంగతి అధికారులు వినాలి. చాలా బడుల్లో ఉన్నవి పాత 32-బిట్ విండోస్ యంత్రాలు. ఆర్డూయినో కొత్త 2 వరుస సాఫ్ట్‌వేర్‌కు 64-బిట్ విండోస్ 10 కావాలి. పాతవాటికి 1.8.19 వెర్షన్ జిప్ ఫైలు తెచ్చుకుని విప్పి, ఆ ఫోల్డర్‌లోనే "పోర్టబుల్" అనే పేరుతో ఇంకో ఫోల్డర్ పెడితే లైబ్రరీలన్నీ అందులోనే ఉంటాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. నకలు ఊనోలను కంప్యూటర్ గుర్తుపట్టాలంటే మాత్రం సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేయాలి, దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ కంప్యూటర్లు సరఫరా చేసినవారి దగ్గరే ఉండిపోతే మాస్టారు చేతులు కట్టేసినట్టే. ఆర్డూయినో చిన్న బోర్డు నానో నకలు "నాట్ ఇన్ సింక్" అని మొరాయిస్తే ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకోవాలి, బోర్డు చెడిపోలేదు. నెట్ సరిగా లేని చోట ఈఎస్‌పీ32 ప్యాకేజీ దించుకోవడం వందల ఎంబీల పని. పికోకు కావలసిన మైక్రోపైథాన్ ఫైలు ఒక ఎంబీ లోపే. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే పికో పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది, ఫైలు అందులో వేస్తే పని అయిపోతుంది.

మరొకటి, జట్టు వయసు. పదో తరగతి పిల్లలు బోర్డు పరీక్షలకు వెళ్లిపోతే జట్టు తెలివంతా వాళ్లతోనే పోతుంది. మరుసటి ఏడాది తొమ్మిదివాళ్లు పాత బండిని పట్టుకుని ఏ పిన్ను దేనికో తెలియక మొత్తం విప్పేస్తారు. జట్టులో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు సగం ఉండాలి. పిన్నుల పట్టిక కాగితం మీద రాసి బండి పొట్ట కింద అంటించాలి. ఏటా భాష మారిస్తే ఇదంతా వృథా. తొమ్మిదో తరగతిలో సీ ప్లస్ ప్లస్, పదిలో పైథాన్ అని మార్చిన జట్టుకు రెండూ అరకొరగానే వస్తాయి. సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్సు పైథాన్‌దే కదా అంటారు. నిజమే. సీ ప్లస్ ప్లస్ బాగా వచ్చిన పిల్లవాడికి అక్కడ పైథాన్ పట్టుకోవడానికి ఎన్నో వారాలు పట్టదు.

ఎంచుకోవడం ఇంకా తెగకపోతే ఇలా పరీక్షించండి. ఎప్పుడూ ప్రోగ్రామ్ రాయని ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి, గంటన్నర చొప్పున రెండు క్లాసులివ్వండి. వైరు తీసేశాక ఎల్ఈడీ వెలిగి ఆరాలి. దూరం తెర మీద సెంటీమీటర్లలో కనబడాలి. బండి ముందుకెళ్లి గోడకు 20 సెంటీమీటర్ల ముందు ఆగాలి. మీ మాస్టారు, మీ కంప్యూటరు, మీ బోర్డుతో ఈ మూడూ అయితే ఆ భాష మీ బడికి సరిపడినదే. సగంలో ఆగితే ఎంత గొప్ప భాషైనా మీకు కాదు.

కొనుగోళ్ల మీద చివరిగా కొన్ని కోరికలు. కేంద్ర పథకం కింద నడిచే అటల్ టింకరింగ్ ల్యాబుకు 5 ఏళ్లలో వచ్చే 20 లక్షల్లో సగం స్థాపనకు, సగం నిర్వహణకు. ఆ నిర్వహణ డబ్బులోంచి విడిభాగాలు కొననివ్వండి. టెండరు కాగితంలో "స్క్రాచ్, పైథాన్, సీ, జావా అన్నీ పనిచేయాలి" అనే షరతు తీసేయండి. ఆ షరతు వల్ల విడిభాగం బజారులో దొరకని మూసిన డబ్బా కిట్లు వస్తాయి, ఒక వైరు తెగితే మొత్తం అటకెక్కుతుంది. దాని బదులు ఇలా రాయండి: 5 బండ్లకు ఒకే రకం బోర్డులు 6, మోటర్ డ్రైవర్లు 8, బీవో మోటర్లు 14, హెచ్‌సీ-ఎస్‌ఆర్04లు 8, 18650 లిథియం సెల్స్ 14, ఛార్జర్లు 3. డ్రైవర్లు ఎక్కువెందుకంటే ముందు కాలేవి అవే. మోటర్లు ఎక్కువెందుకంటే వాటి రాగి చెవులు వైరుతో పాటు ఊడి వస్తాయి, అతికించడానికి ఏమీ మిగలదు. తెగినప్పుడల్లా విశాఖకో భువనేశ్వర్‌కో మనిషిని పంపలేం కదా.

జిల్లా కార్యాలయం ఒక్క పని చేస్తే చాలు. ఈ వేసవి సెలవుల లోపు ప్రతి బడి నుంచి ఒక కాగితం తెప్పించుకోండి: బీరువాలో ఏ బోర్డులు ఎన్ని, పనిచేసేవి ఎన్ని, కంప్యూటర్లు 32-బిట్టా 64-బిట్టా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఏ మాస్టారికి ఏ భాష వచ్చు. ఊనోలున్న బడులకు సీ ప్లస్ ప్లస్ శిక్షణ, పికోలున్న బడులకు మైక్రోపైథాన్ శిక్షణ విడివిడిగా పెట్టండి. ఒకే హాల్లో అందరినీ కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద చూపించే శిక్షణ వద్దు. ప్రతి మాస్టారూ తన బడి బోర్డును సంచిలో పెట్టుకుని రావాలి, సాయంత్రం బండి నడుస్తూ ఉండగా బస్సెక్కాలి.

ఇట్లు,
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో విద్యార్థి రోబో జట్లతో పనిచేస్తున్న కొందరం